నౌన్ ఫ్రేజ్ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుంది? వేపచెట్టు కింద ముసలాయన వాక్యం దగ్గర ఆగిపోయాను, కాస్త చెప్పండి

వేపపూత
అందరికీ నమస్కారం. మాది పల్నాడు వైపు, డీఎస్సీ ఎస్జీటీకి ప్రిపేర్ అవుతున్నాను. ఇంగ్లీష్‌లో టెన్సులు, వాయిస్ అన్నీ పర్లేదు గానీ ఈ ఫ్రేజుల దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగిపోతోంది. నిన్న కోచింగ్‌లో ఇచ్చిన ప్రాక్టీస్ పేపర్లో ఈ వాక్యం వచ్చింది.

"ది ఓల్డ్ మాన్ అండర్ ది నీమ్ ట్రీ సోల్డ్ మి ఎ బ్యాగ్ ఆఫ్ మ్యాంగోస్."

ఇందులో నౌన్ ఫ్రేజులు (ఒక నామవాచకం చుట్టూ చేరిన మాటల గుంపులు) ఎన్ని, ప్రిపోజిషనల్ ఫ్రేజులు ("ఇన్", "అండర్" లాంటి మాటతో మొదలయ్యే గుంపులు) ఎన్ని అని ప్రశ్న. ప్రిపోజిషనల్ ఫ్రేజులు 2 అని అందరం పెట్టాం, గొడవ లేదు. నౌన్ ఫ్రేజుల దగ్గరే, నేను 3 అన్నాను, నా రూమ్మేట్ 5 అంది, కీలో 4 అని ఉంది. సార్‌ని అడిగితే కీ కరెక్టే, గుర్తుపెట్టుకో అన్నారు. ఈ వాక్యానికైతే గుర్తుపెట్టుకుంటాను సరే, రేపు పరీక్షలో వేరే వాక్యం వస్తే నేనేం చెయ్యాలి? నేను గీత గీసినవి ఇవి: "ది ఓల్డ్ మాన్", "ది నీమ్ ట్రీ", "ఎ బ్యాగ్ ఆఫ్ మ్యాంగోస్".

ఓరుగల్లు పోరడు
నాక్కూడా సేమ్ డౌట్ ఉండె అక్కా, టెట్ అప్పుడు. ఎవరన్న మంచిగ చెప్తే నేను గూడ వింట.

సుద్దముక్క
అమ్మా వేపపూతా, నేను జెడ్పీ హైస్కూల్లో ఇంగ్లీష్ చెప్తాను, ఇరవై ఏళ్ళు దాటింది. మీ ప్రశ్న మంచిది, పైగా మీకొచ్చిన మూడు జవాబుల వెనకా మూడు కారణాలున్నాయి, అవి తెలిస్తే కీ చూడాల్సిన పనే ఉండదు.

ముందు లెక్క పక్కన పెట్టండి. వాక్యంలో క్రియ పట్టుకోండి, "సోల్డ్". ఇప్పుడు ఎవరు అమ్మారు అని అడగండి. జవాబు ముసలాయన అని ఆగిపోకండి, ఏ ముసలాయన? వేపచెట్టు కింద ఉన్నాయన. అంటే ఆ ఆరేడు మాటలూ కలిసి ఒక్క మనిషినే చూపిస్తున్నాయి. దానికి పరీక్ష ఏంటంటే ఆ గుంపు మొత్తం తీసేసి "హి" పెట్టి చూడండి. "హి సోల్డ్ మి ఎ బ్యాగ్ ఆఫ్ మ్యాంగోస్", చక్కగా కుదిరింది. అదే మీరు గీసినట్టు "ది ఓల్డ్ మాన్" వరకే తీసి "హి" పెడితే "హి అండర్ ది నీమ్ ట్రీ సోల్డ్ మి..." అవుతుంది, చెవికే తేడా తెలుస్తోంది కదా. కాబట్టి నౌన్ ఫ్రేజ్ "మాన్" దగ్గర ఆగదు, "ట్రీ" దాకా వెళ్తుంది. "మాన్" అనేది దాని హెడ్, అంటే తలకాయ. ముందున్న "ది ఓల్డ్", వెనకున్న "అండర్ ది నీమ్ ట్రీ" రెండూ ఆ తలకాయకి పరివారం.

ఇప్పుడు ఆ పరివారంలోకి దిగండి. "అండర్" ప్రిపోజిషన్, దాని వెనక "ది నీమ్ ట్రీ" మళ్ళీ ఒక నౌన్ ఫ్రేజ్. "అండర్ ఇట్" అనొచ్చు కాబట్టి అదీ పరీక్ష పాసయ్యింది. ఇంట్లో ఒకదాంట్లో ఒకటి ఇమిడే స్టీలు డబ్బాల సెట్టు ఉంటుంది చూడండి, పెద్ద డబ్బాలో మధ్య డబ్బా, అందులో చిన్నది. అచ్చం అలాగే. పెద్ద నౌన్ ఫ్రేజులో ప్రిపోజిషనల్ ఫ్రేజ్, ఆ ప్రిపోజిషనల్ ఫ్రేజులో చిన్న నౌన్ ఫ్రేజ్. "ఎ బ్యాగ్ ఆఫ్ మ్యాంగోస్" కూడా అంతే, "బ్యాగ్" తలకాయ, "ఆఫ్ మ్యాంగోస్" లోపలి డబ్బా, దాని లోపల "మ్యాంగోస్" ఒక్క మాటే అయినా అదీ నౌన్ ఫ్రేజే.

ఇక లెక్క. పెద్దవి రెండు, లోపలివి రెండు, 4. "మి" అనే సర్వనామాన్ని కూడా నౌన్ ఫ్రేజుగా లెక్కేస్తే 5, ఇప్పటి వ్యాకరణాల్లో అలాగే లెక్కేస్తారు. లోపలివి వదిలేసి పైపైన చూస్తే "ముసలాయన" గుంపు, "మి", "సంచీ" గుంపు, 3. మీ 3 సంఖ్య కూడా అలా రావచ్చు గానీ మీరు గీసిన మూడు వేరమ్మా, మీరు పెద్ద డబ్బాని మధ్యకి విరగ్గొట్టి రెండు ముక్కలు చేశారు. అదొక్కటి సరిచేసుకుంటే చాలు. మీ రూమ్మేట్ 5 అన్నది పూర్తి లెక్క.

వేపపూత
మాస్టారూ... ఆ "హి అండర్ ది నీమ్ ట్రీ" అని నోటితో అనుకున్నాక అర్థమైపోయింది, ఎన్ని వీడియోలు చూశానో, ఈ మాట ఎవరూ చెప్పలేదు. చాలా థాంక్సండీ. ఒక్క డౌట్, ప్రిపోజిషనల్ ఫ్రేజ్ ఎప్పుడూ నౌన్‌కే అతుక్కుంటుందా? "అండర్ ది నీమ్ ట్రీ" అనేది అమ్మడం ఎక్కడ జరిగిందో చెప్తోంది అనుకోకూడదా?

ఓరుగల్లు పోరడు
గదే అక్కా నేను గూడ అడుగుదామనుకున్న. ఇగో దాన్ని చివర్ల పెట్టి చూడు: "ది ఓల్డ్ మాన్ సోల్డ్ మి ఎ బ్యాగ్ ఆఫ్ మ్యాంగోస్ అండర్ ది నీమ్ ట్రీ." ఇప్పుడు ఏమైతుంది? చెట్టు కింద అమ్మిండు అని ఒక అర్థం, చెట్టు కింద పెట్టిన సంచి అమ్మిండు అని ఇంకో అర్థం. మాటలు అవే, జాగ మారింది అంతే. నేను టెట్‌ల గిట్లాంటిదే చూసి అరగంట కూసున్న.

సుద్దముక్క
తమ్ముడు చెప్పింది కరెక్ట్. కర్తకీ క్రియకీ మధ్యలో ఇరుక్కుంటే అది మామూలుగా ముందున్న నౌన్‌దే. క్రియ దాటాక, వాక్యం చివర్లో వస్తే రెండు దారులుంటాయి. నౌన్‌కి అతుక్కుంటే "ఏది" అనే ప్రశ్నకి జవాబిస్తుంది, పాత పుస్తకాల్లో దాన్ని అడ్జెక్టివ్ ఫ్రేజ్ అంటారు. క్రియకి అతుక్కుంటే "ఎక్కడ, ఎప్పుడు, ఎలా" అనేదానికి జవాబిస్తుంది, అప్పుడు అడ్వెర్బ్ ఫ్రేజ్ అంటారు. దీనికో చిట్కా ఉంది, ఆ ముక్కని తీసి వాక్యం మొదట్లో పెట్టండి. "అండర్ ది నీమ్ ట్రీ, ది ఓల్డ్ మాన్ సోల్డ్ మి ఎ బ్యాగ్ ఆఫ్ మ్యాంగోస్". ఇప్పుడు చెట్టు కింద అమ్మాడనే ఒక్క అర్థమే మిగిలింది. క్రియకి అతుక్కున్నది ముందుకి కదులుతుంది, నౌన్‌కి అతుక్కున్నది ఆ నౌన్‌ని వదిలి రాదు. "ఆఫ్ మ్యాంగోస్"ని ముందుకి తెచ్చి చూడండి, అస్సలు కుదరదు.

ఎడిసన్ అమ్మ
న్యూజెర్సీ నుంచి రాస్తున్నానండీ, ఇక్కడ మా పాప నాలుగో క్లాసు. ఇక్కడ నాలుగులోనే ప్రిపోజిషనల్ ఫ్రేజులు మొదలుపెడతారు. వాళ్ళ టీచర్ ఏం చేయిస్తారంటే ముందు వాక్యంలో ప్రిపోజిషనల్ ఫ్రేజులన్నీ పెన్సిల్‌తో కొట్టేయమంటారు, మిగిలినదాంట్లో సబ్జెక్ట్ వెతకమంటారు, ఎందుకంటే సబ్జెక్ట్ ప్రిపోజిషనల్ ఫ్రేజ్ లోపల దాక్కోదు అని. మొన్న దాని వర్క్‌షీట్ నా ముందే చేసింది, "ది కలర్ ఆఫ్ దీజ్ ఫ్లవర్స్" అని ఉంటే "ఆఫ్ దీజ్ ఫ్లవర్స్" మీద గీత కొట్టేసి, మిగిలిన "ది కలర్" పక్కన "ఈజ్" రాసేసింది, ఒక్క క్షణం పట్టలేదు దానికి. నేను మనసులో "ఆర్" అనేసుకున్నాను! ఇంజనీరింగ్ చదివి పదిహేనేళ్ళు ఇక్కడ ఉద్యోగం చేస్తున్నదాన్ని, నాకెందుకు "ఆర్" వచ్చిందో అప్పట్నుంచీ ఆలోచిస్తూనే ఉన్నాను.

పాత నోట్సు
ఎడిసన్ అమ్మ గారూ, దానికి జవాబు మన తెలుగులోనే ఉందండి, నేను లింగ్విస్టిక్స్ చదివాను, నాకు బాగా ఇష్టమైన విషయం ఇది, కాస్త పొడుగ్గా రాస్తాను.

"ఈ పూల రంగు బాగుంది". తెలుగులో తలకాయ ఎక్కడుంది? చివర్న, "రంగు". దాని పరివారం అంతా ముందే వచ్చేసింది. "బల్ల మీద పుస్తకం", "వేపచెట్టు కింద కూర్చున్న ముసలాయన", "మా ఊరి చెరువు గట్టు", ఏది తీసుకోండి, ఎంత పొడుగున్నా సరే చివరి మాటే తలకాయ. అంటే మనకి చిన్నప్పట్నుంచీ అలవాటేంటంటే క్రియకి దగ్గర్లో ఉన్న నామవాచకమే అసలుది. ఇంగ్లీష్‌లో తలకాయ మధ్యలో ఉంటుంది, "ది కలర్ ఆఫ్ దీజ్ ఫ్లవర్స్"లో క్రియ పక్కన ఉన్నది "ఫ్లవర్స్", అది పరివారం. మన చెవి "ఫ్లవర్స్" విని "ఆర్" అంటుంది.

అలాగని ఇది మనవాళ్ళకే వచ్చే తప్పు కాదు. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ ఇంగ్లీష్ మాట్లాడేవాళ్ళు కూడా చేస్తారు, 1991లో బాక్, మిల్లర్ అనే ఇద్దరు సైకాలజీ వాళ్ళు దీనిమీద ప్రయోగాలు చేసి పేపర్ రాశారు. తలకాయ ఏకవచనం, మధ్యలో దూరిన నౌన్ బహువచనం అయితే నోరు జారడం ఎక్కువ అని తేలింది.

ఇంకో సంగతి చూడండి, ఇది నాకు తెగ నచ్చుతుంది. "బుట్టెడు మామిడిపళ్ళు ఉన్నాయి" అంటాం, "ఉంది" అనం. తెలుగులో అక్కడ తలకాయ పళ్ళు, బుట్ట కొలత. ఇంగ్లీష్‌లో "ఎ బాస్కెట్ ఆఫ్ మ్యాంగోస్ ఈజ్ ఆన్ ది టేబుల్" అనాలి, అక్కడ తలకాయ బుట్ట. అదే వస్తువు, అదే బల్ల, రెండు భాషలూ తలకాయని రెండు చోట్ల పెట్టుకున్నాయి. అందుకే తెలుగులోకి మార్చుకుని నౌన్ ఫ్రేజ్ గుర్తుపట్టాలని చూస్తే కొన్నిసార్లు దెబ్బ తింటాం.

గోదారిగట్టు
ఆహా, భలే చెప్పారండి. బుట్టెడు మామిడిపళ్ళు విషయం నేనెప్పుడూ ఆలోచించలేదు. మరి "ఎ నంబర్ ఆఫ్ స్టూడెంట్స్ ఆర్" అంటారు కదా, "ఆఫ్ స్టూడెంట్స్" కొట్టేస్తే "ఎ నంబర్" మిగిలి "ఈజ్" రావాలి కదండి?

పాత నోట్సు
అది మినహాయింపండి. "ఎ నంబర్ ఆఫ్" అంటే "చాలామంది" అనే కొలమానంలా పని చేస్తుంది, అక్కడ మన బుట్టెడు మామిడిపళ్ళలాగే వెనకున్న నౌన్ చెప్పినట్టు క్రియ నడుస్తుంది, అందుకే "ఆర్". అదే "ది నంబర్ ఆఫ్ స్టూడెంట్స్" అంటే నిజంగా ఆ సంఖ్య గురించే మాట, "ఈజ్". "ఎ లాట్ ఆఫ్" కూడా మొదటి రకమే. వీటిని విడిగా గుర్తుపెట్టుకోవాల్సిందే, కొట్టేసే చిట్కా వీటి దగ్గర పనిచెయ్యదు.

వేపపూత
కొట్టేసే చిట్కా నోట్ చేసుకున్నాను, థాంక్స్ అక్కా. ఇప్పుడు ఇంకోటి. ప్రిపోజిషన్ అని ఎలా గుర్తుపట్టాలి? లిస్టు బట్టీపట్టాను, ఇన్, ఆన్, అండర్, టు, ఆఫ్టర్, అప్... కానీ పేపర్లో "హి వాంట్స్ టు గో టు ది మార్కెట్"లో రెండు "టు"లు చూసి రెండూ ప్రిపోజిషనే అని పెట్టి తప్పు చేశాను.

సుద్దముక్క
లిస్టు మీద ఆధారపడొద్దమ్మా. అదే మాట ఒకచోట ప్రిపోజిషన్, ఇంకోచోట కాదు. దాని వెనక ఏముందో చూడాలి. వెనక "ఇట్" గానీ "దెమ్" గానీ పెట్టి చూడండి. "గో టు ఇట్", కుదిరింది, రెండో "టు" ప్రిపోజిషన్. "వాంట్స్ టు ఇట్", కుదరలేదు, మొదటిది ఇన్ఫినిటివ్ గుర్తు, అంటే వెనక "గో" లాంటి క్రియ వస్తోందని చెప్పేది. దీంతోనే ఇంకో పెద్ద తప్పు కూడా తప్పించుకోవచ్చు. "ఐ యామ్ లుకింగ్ ఫార్వర్డ్ టు ఇట్" కుదురుతుంది కదా, అంటే అక్కడ "టు" ప్రిపోజిషన్, అందుకే దాని వెనక "మీటింగ్ యు" అని రాయాలి, "మీట్ యు" కాదు. అప్లికేషన్ లెటర్లలో నేను రోజూ దిద్దే తప్పు ఇది.

"ఆఫ్టర్", "బిఫోర్", "సిన్స్", "టిల్" కూడా అంతే. "ఆఫ్టర్ ది రెయిన్" ప్రిపోజిషనల్ ఫ్రేజ్. "ఆఫ్టర్ ది రెయిన్ స్టాప్డ్" అంటే వెనక కర్త, క్రియ రెండూ వచ్చేశాయి, అది క్లాజ్. అలా కర్త, క్రియ రెండూ కనపడితే ప్రిపోజిషనల్ ఫ్రేజ్ అని పెట్టకండి.

ఓరుగల్లు పోరడు
మాస్టర్ సాబ్, "టర్న్డ్ ఆఫ్ ది మోటార్" ల ఆఫ్ (రెండు ఎఫ్‌లది, off) గురించి గూడ చెప్పున్రి. వెనక నౌన్ ఫ్రేజ్ ఉంది గద, "ఆఫ్ ది మోటార్" ప్రిపోజిషనల్ ఫ్రేజ్ అయితదా?

సుద్దముక్క
కాదు నాయనా, బాగా అడిగావు. రెండు వాక్యాలు పక్కపక్కన పెట్టుకో.

"హి టర్న్డ్ ఆఫ్ ది మోటార్."
"హి టర్న్డ్ ఆఫ్ ది హైవే."

మొదటిదాంట్లో "ఆఫ్"ని జరిపి "టర్న్డ్ ది మోటార్ ఆఫ్" అనొచ్చు. రెండోదాంట్లో "టర్న్డ్ ది హైవే ఆఫ్" అంటే హైవేని స్విచ్ నొక్కి ఆపినట్టు అవుతుంది. కాబట్టి మొదటి "ఆఫ్" క్రియతో జంటకట్టింది, "టర్న్ ఆఫ్" అనేదే క్రియ, "ది మోటార్" దాని కర్మ. రెండోదాంట్లో క్రియ "టర్న్డ్" వరకే, "ఆఫ్ ది హైవే" ప్రిపోజిషనల్ ఫ్రేజ్, హైవే దిగి పక్కకి మళ్ళాడని. సర్వనామం పెట్టినా తేలిపోతుంది, మోటార్‌కైతే "టర్న్డ్ ఇట్ ఆఫ్", హైవేకైతే "టర్న్డ్ ఆఫ్ ఇట్".

క్లాసులో నేను ఈ రెండూ బోర్డు మీద రాసి, మొదటిదాంట్లో "టర్న్డ్ ఆఫ్" చుట్టూ ఒక సున్నా, రెండోదాంట్లో "ఆఫ్ ది హైవే" చుట్టూ ఒక సున్నా చుడతాను. వెనక బెంచీ పిల్లలు కూడా లేచి వచ్చి మూడో వాక్యానికి వాళ్ళే సున్నా చుడతారు. తొమ్మిదో క్లాసు పాప ఒకసారి "టేక్ ఆఫ్ యువర్ షూస్"కి సుద్ద పట్టుకుని కాసేపు నిలబడి, నోట్లో "టేక్ దెమ్ ఆఫ్, టేక్ దెమ్ ఆఫ్" అని రెండుసార్లు గొణుక్కుని, "టేక్ ఆఫ్" చుట్టూ చుట్టింది. అది పెదాలు కదుపుతూ అనుకోవడం నాకు ఇంకా కళ్ళముందుంది.

గోదారిగట్టు
మాకు చిన్నప్పుడు తెలుగు మాస్టారు విభక్తులు పాటలా చెప్పించేవారు, డుమువులు ప్రథమా విభక్తి, నిన్ నున్ లన్ కూర్చి గురించి ద్వితీయా విభక్తి అని. ఇంగ్లీష్ ప్రిపోజిషన్లు కూడా అవే అనుకోవచ్చా?

పాత నోట్సు
పని దాదాపు అదేనండి, జాగా తిరగబడింది అంతే. మనకి "లో, మీద, కింద, తో, నుంచి" నామవాచకం వెనక వస్తాయి, ఇంగ్లీష్‌లో ముందొస్తాయి. ఇంకో అందమైన పోలిక ఉంది. మనం "ఇల్లు మీద" అనం, "ఇంటి మీద" అంటాం. "ఏరులో" అనం, "ఏటిలో" అంటాం. "నోరు" "నోటి" అవుతుంది, "నేను" "నా" అవుతుంది. విభక్తి వచ్చే ముందు మాట రూపు మార్చుకుంటుంది, చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో ఇల్లు, ఏరు, నోరు లాంటి మాటల్నే ఔపవిభక్తికాలు అన్నాడు. ఇంగ్లీష్‌లో నౌన్లు మారవు గానీ సర్వనామాలు మారతాయి: "విత్ హిమ్", "ఫర్ దెమ్", "బిట్వీన్ యు అండ్ మి". "బిట్వీన్ యు అండ్ ఐ" అని చాలామంది గొప్పగా ఉంటుందని రాస్తారు, పరీక్షలో అది తప్పు. "నేను మీద" అని మనమెప్పుడైనా అంటామా, అదే లెక్క.

వేపపూత
ఇది నేను పిల్లలకి చెప్పేటప్పుడు తప్పకుండా వాడతాను. మాస్టారూ, చివరి డౌట్. కోచింగ్ నోట్సులో "టు విన్ ఎ ప్రైజ్" లాంటివి కూడా నౌన్ ఫ్రేజ్ అని ఉంది. మీరు చెప్పిన దాని ప్రకారం తలకాయ నౌన్ ఉండాలి కదా, ఇక్కడ "విన్" క్రియ. ఏది నమ్మాలి?

సుద్దముక్క
రెండూ రెండు సంప్రదాయాలమ్మా. మనదగ్గర తరతరాలుగా చదివే రెన్ అండ్ మార్టిన్‌లో ఫ్రేజుకి పేరు అది చేసే పనిని బట్టి పెడతారు. నౌన్ చేసే పని చేస్తే నౌన్ ఫ్రేజ్, కాబట్టి "టు విన్ ఎ ప్రైజ్ ఈజ్ మై ఆంబిషన్"లో ఆ మొదటి గుంపు వాళ్ళ లెక్కలో నౌన్ ఫ్రేజే. ఇప్పటి వ్యాకరణాల్లో పేరు తలకాయని బట్టి, తలకాయ నౌన్ అయితేనే నౌన్ ఫ్రేజ్, "టు విన్ ఎ ప్రైజ్"ని ఇన్ఫినిటివ్ క్లాజ్ అంటారు. "ఎ మాన్ విత్ ఎ స్టిక్"లో "విత్ ఎ స్టిక్" కూడా పాత లెక్కలో అడ్జెక్టివ్ ఫ్రేజ్, కొత్త లెక్కలో ప్రిపోజిషనల్ ఫ్రేజ్.

పరీక్షలో ఆప్షన్లు చూడండి. గీత గీసిన ముక్క "విత్ ఎ స్టిక్" అయ్యి, ఆప్షన్లలో నౌన్, అడ్జెక్టివ్, అడ్వెర్బ్ మాత్రమే ఉంటే పని అడుగుతున్నారని అర్థం. ప్రిపోజిషనల్ ఫ్రేజ్ అనే ఆప్షన్ ఉండి అడ్జెక్టివ్ లేకపోతే రూపం అడుగుతున్నారు. రెండూ ఇచ్చి ఏది కరెక్టు అంటే మాత్రం ఆ ప్రశ్నే బాగోలేదు, అలాంటి ప్రశ్న వస్తే అభ్యంతరం పెట్టండి, పిల్లల మార్కులతో ఆడుకోకూడదు ఎవరూ. నాకు దీనిమీద నిజంగా బాధ ఉంది, రెండు పుస్తకాల్లోంచి ప్రశ్నలు కలిపేసి కీ ఒకటే ఇచ్చే పేపర్లు చాలా చూశాను.

సరే, ఇది చేసి పెట్టండి, చూస్తాను: "ది కీస్ టు ది రూమ్ బిహైండ్ ది స్కూల్ ఆర్ విత్ ది వాచ్‌మన్."

వేపపూత
ట్రై చేస్తాను మాస్టారూ. క్రియ "ఆర్". ఏవి? "ది కీస్ టు ది రూమ్ బిహైండ్ ది స్కూల్", మొత్తం తీసేసి "దే ఆర్ విత్ ది వాచ్‌మన్" అనొచ్చు, కాబట్టి పెద్ద నౌన్ ఫ్రేజ్ అదే, తలకాయ "కీస్", అందుకే క్రియ పక్కన "స్కూల్" ఏకవచనం ఉన్నా "ఆర్" వచ్చింది. ఇంక "ది స్కూల్", "ది వాచ్‌మన్". మొత్తం నౌన్ ఫ్రేజులు 3. ప్రిపోజిషనల్ ఫ్రేజులు "టు ది రూమ్ బిహైండ్ ది స్కూల్", దాని లోపల "బిహైండ్ ది స్కూల్", చివర "విత్ ది వాచ్‌మన్", 3.

ఓరుగల్లు పోరడు
అక్కా మధ్య డబ్బా మర్శినవ్! "టు ఇట్" అని చూడు.

వేపపూత
అయ్యో అవును తమ్ముడూ, "ది రూమ్ బిహైండ్ ది స్కూల్"! "టు" వెనక మొత్తం అదే కదా. నౌన్ ఫ్రేజులు 4.

సుద్దముక్క
4, 3. కరెక్ట్. రేపు "బిహైండ్ ది స్కూల్"ని "ఆర్" వెనక పెట్టి రాసి, ఎవరు ఎక్కడున్నారో చెప్పండి.